నివాస వీధుల్లో వాహనాల వేగాన్ని తగ్గించే పద్ధతి

వీధిలో వాహనాలు మితిమీరిన వేగంతో వెళ్తున్నాయని తోచగానే స్పీడ్ బ్రేకర్ కోసం అర్జీ పెట్టకుండా, ముందు ఆ వేగాన్ని కొలవండి. టేపుతో 50 మీటర్లు కొలిచి రెండు చివర్లా గుర్తులు పెట్టుకోవాలి. ఆ దూరాన్ని వాహనం 6 సెకన్లలో దాటితే దాని వేగం గంటకు 30 కిలోమీటర్లు, 3.6 సెకన్లలో దాటితే 50 కిలోమీటర్లు. రద్దీ లేని వేళల్లోనూ కొలవడం తప్పనిసరి, ఎందుకంటే దారి ఖాళీగా ఉన్నప్పుడే వీధి ఎంత వేగానికి అవకాశమిస్తుందో తెలుస్తుంది. నూటికి 85 వాహనాలు ఏ వేగాన్ని మించడం లేదో దానినే ఇంజనీర్లు సాధారణంగా లెక్కలోకి తీసుకుంటారు.

ఇళ్ల మధ్య లక్ష్యం 30 కిలోమీటర్లే కావాలి. ఢీకొనే శక్తి వేగపు వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చే విలువను) అనుసరించి పెరుగుతుంది కనుక, 50 వద్ద అది 30 వద్ద ఉన్నదానికి దాదాపు 2.8 రెట్లు ఉంటుంది. పిల్లలు ఆడుకునే వీధిలో ఈ తేడా ప్రాణాలకు సంబంధించినది.

తరువాత, ఆ వాహనాలు ఎవరివో గమనించండి. ప్రధాన రహదారిని తప్పించుకోవడానికి మీ వీధిని అడ్డదారిగా వాడుకుంటున్నట్లయితే, ఇక్కడ వేసే హంపులు (వెడల్పాటి స్పీడ్ బ్రేకర్లు) ఆ రద్దీని పక్క వీధికి నెట్టడం తప్ప మరేమీ చేయవు. అప్పుడు కాలనీ మొత్తానికి ఒకే ప్రణాళిక వేసుకుని, నడిచేవారికీ సైకిళ్లకూ దారి వదిలి, ఏదో ఒక కూడలి వద్ద మోటారు వాహనాలు నేరుగా దాటిపోకుండా అడ్డుకట్ట వేయడమే సరైన మార్గం.

హంపు విషయంలో కొలతలే కీలకం. వాహనం సాగే దిశలో 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో గుండ్రంగా ఉన్న హంపు వాహనాన్ని కుదిపివేయకుండా నెమ్మదింపజేస్తుంది. ఇంటి ముందు ఎవరికి వారు పోయించుకునే ఇరుకైన, నిటారు దిమ్మెలు మాత్రం ద్విచక్ర వాహనదారులను పడదోస్తాయి, అంబులెన్సులోని రోగిని బాధపెడతాయి. పైగా ఒక్క హంపుతో ఫలితం ఉండదు. దాన్ని దాటగానే డ్రైవరు మళ్లీ వేగం అందుకుంటాడు కాబట్టి సుమారు 80 నుంచి 100 మీటర్లకు ఒకటి చొప్పున వరుసగా ఉండాలి. అంచుల్లో వాన నీరు పారే సందు, రాత్రి మెరిసే చారలు, ముందస్తు హెచ్చరిక బోర్డు లేకుండా ఏ హంపునూ అంగీకరించవద్దు. వాలులోనూ మలుపులోనూ అసలు వేయకూడదు.

కూడళ్ల వద్ద కాలిబాటను రోడ్డులోకి కొంత విస్తరిస్తే మలుపు బిగుతై వాహనాలు నెమ్మదిస్తాయి, పాదచారులు దాటవలసిన దూరమూ తగ్గుతుంది. అయితే ఈ ఇరుకు మోటారు సైకిళ్లను పెద్దగా ఆపలేదు కనుక, అవి ఎక్కువగా తిరిగే వీధుల్లో దానికి తోడుగా కాలిబాట ఎత్తుకు లేపిన జీబ్రా క్రాసింగును కోరండి. చక్రాల కుర్చీలో ఉన్నవారికీ అది సౌకర్యం.

కాంక్రీటు పోయడానికి ముందు, స్థానిక సంస్థ అనుమతితో పూలకుండీలు, రంగు గీతలు, కోన్లతో కొన్ని వారాలు ప్రయోగాత్మకంగా అమర్చి, అవే గుర్తుల మధ్య మళ్లీ కొలవండి. పక్క వీధుల్లోనూ కొలిచి, అక్కడ రద్దీ గానీ వేగం గానీ పెరిగితే శాశ్వత నిర్మాణానికి ముందే ప్రణాళికను సవరించండి.