చెత్త బండి మన ఇంటి ముందు ఆగకుండా పోతే: ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ నివాసులకు సమస్య - పరిష్కారం

వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో కొత్తగా ఇల్లు తీసుకున్న తెలుగువారికి చెత్త విషయంలో వచ్చే చిక్కులు చాలా వరకు రెండు చోట్ల మొదలవుతాయి. తమ చెత్త ఎవరు తీసుకువెళ్తున్నారో తెలియకపోవడం ఒకటి. హైదరాబాదులోనో విజయవాడలోనో అలవాటైన తడి చెత్త, పొడి చెత్త లెక్కనే ఇక్కడా పాటించడం రెండవది. ఇక్కడ రీసైక్లింగ్ డబ్బాలో వేయడానికి వస్తువు పొడిగా ఉంటే చాలదు. అది ఏ పదార్థంతో, ఏ ఆకారంలో తయారైందన్నదే లెక్కలోకి వస్తుంది. ఈ తేడా పట్టుబడితే కింద చెప్పిన వాటిలో సగం సమస్యలు మీ గడప తొక్కవు.

బండి రాలేదు, కౌంటీకి ఫోన్ చేస్తే మీ ఇల్లు మా జాబితాలో లేదన్నారు

కౌంటీ పేరు మీద పన్ను కడుతున్నాం కాబట్టి చెత్త కూడా కౌంటీయే తీసుకువెళ్తుందని అనుకోవడం సహజమే కానీ, ఇక్కడ కౌంటీ సొంత బండ్లు వెళ్లేది పది ఇళ్లలో సుమారు ఒక ఇంటికి మాత్రమే. శానిటరీ డిస్ట్రిక్ట్ అని పిలిచే కొన్ని ప్రాంతాల్లోనే ఆ సేవ ఉంది. మిగిలిన ఇళ్ల చెత్తను కౌంటీ అనుమతి పొందిన ప్రైవేటు కంపెనీలు తీసుకువెళ్తాయి.

దీనికి తోడు చిరునామా తెచ్చే గందరగోళం ఒకటుంది. హెర్న్‌డన్, వియెన్నా పట్టణాలు తమ నివాసుల చెత్తను తామే సేకరిస్తాయి. ఫెయిర్‌ఫాక్స్ సిటీ అయితే కౌంటీలో భాగమే కాదు, అదొక స్వతంత్ర నగరం. కానీ మన ఉత్తరాల మీద ఉండే ఊరి పేరు తపాలా శాఖ తన సౌకర్యం కోసం పెట్టుకున్నది. చిరునామాలో హెర్న్‌డన్ అని ఉన్నా హెర్న్‌డన్ పట్టణ సరిహద్దుకు బయట ఉన్న ఇళ్లు, ఫెయిర్‌ఫాక్స్ అని ఉన్నా సిటీకి చెందని ఇళ్లు వేల సంఖ్యలో ఉన్నాయి. పట్టణ కార్యాలయానికి ఫోన్ చేస్తే కౌంటీని అడగమంటారు, కౌంటీకి చేస్తే మీ కంపెనీని అడగమంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే.

ముందుగా మీ ఇంటి ఆస్తి పన్ను బిల్లు తీసి చూడండి. అందులో చెత్త సేకరణ రుసుము విడిగా కనిపిస్తే మీకు సేవ అందిస్తున్నది కౌంటీయే. కనిపించకపోతే మీ హెచ్‌ఓఏను (కాలనీ ఇళ్ల యజమానుల సంఘాన్ని) అడగండి, ఎందుకంటే టౌన్‌హౌస్ కాలనీల్లో సాధారణంగా హెచ్‌ఓఏ ఒకే కంపెనీతో ఒప్పందం చేసుకుని ఆ ఖర్చును నెలవారీ రుసుములో కలిపేస్తుంది. హెచ్‌ఓఏ లేని వీధిలో విడి ఇల్లు కొన్నవారు కంపెనీని తామే ఎంచుకోవాలి. ఇల్లు అమ్మినవారు తమ ఖాతాను మూసేసి వెళ్తే మరుసటి వారం బండి మీ డబ్బా ముందు నుంచే వెళ్లిపోతుంది. ఎదురింటి డబ్బా ఖాళీ అయి మీది కాలేదంటే కారణం చాలాసార్లు ఇదే. అలాంటి వీధిలో రెండు మూడు కంపెనీల బండ్లు తిరుగుతాయి కాబట్టి పక్కింటివారి రోజే మనదీ అనుకోవడానికి వీల్లేదు.

కంపెనీ మీదే అయి, సేకరణ రోజు కూడా సరైనదే అయి, అయినా బండి రాకపోతే ముందు కంపెనీకే ఫిర్యాదు చేసి దాని నంబరు రాసుకోండి. వరసగా రెండోసారి కూడా అలాగే జరిగితే కౌంటీ ఘన వ్యర్థాల విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు. అనుమతి ఇచ్చేది కౌంటీ కాబట్టి ఆ ఫిర్యాదుకు బరువుంటుంది. థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్, కొత్త సంవత్సరం వారాల్లో సేకరణ ఒక రోజు ఆలస్యం కావచ్చని మాత్రం ఫోన్ తీసే ముందు గుర్తుంచుకోండి.

చెత్త తీసుకువెళ్లారు, రీసైక్లింగ్ డబ్బాను మాత్రం స్టిక్కర్ అంటించి వదిలేశారు

మా ఇంట్లో ఇది మొదటి నెలలోనే జరిగింది. పాల డబ్బాలు, కాగితాలు, అట్టపెట్టెలు అన్నీ కడిగి, ఆరబెట్టి, మన ఊరి అలవాటు ప్రకారం పాలిథీన్ సంచుల్లో నింపి, మూతి ముడి వేసి మరీ నీలం డబ్బాలో పెట్టాను. సాయంత్రం వచ్చి చూస్తే డబ్బా నిండుగా అలాగే ఉంది, మూత మీద నారింజ రంగు స్టిక్కర్ ఉంది. అంత శుభ్రంగా పెట్టినా తప్పేమిటో అప్పుడు అర్థం కాలేదు. తప్పు ఆ సంచిలోనే ఉంది.

రీసైక్లింగ్ బండి సరుకంతా వేరుచేసే కేంద్రానికి వెళ్తుంది. అక్కడ కదిలే బెల్టు మీద నుంచి వచ్చిన సరుకు, వరసగా తిరిగే చక్రాల మీదుగా దొర్లుతూ, అట్ట ఒక వైపుకూ డబ్బాలు ఒక వైపుకూ విడిపోతుంది. పల్చటి సంచి ఆ చక్రాల ఇరుసులకు చుట్టుకుంటే, తలవెంట్రుకలు చుట్టుకున్న ఫ్యాన్ లాగా యంత్రం బిగుసుకుపోతుంది. అప్పుడు లైను ఆపి, మనుషులు లోపలికి దిగి, కత్తులతో ఆ సంచులను కోసి తీయాలి. ముడి వేసిన సంచి లోపల ఏముందో విప్పి చూసే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు కాబట్టి, మీరు కడిగి ఆరబెట్టిన సరుకు కూడా సంచితో పాటు చెత్తలోకే పోతుంది.

కాబట్టి రీసైక్లింగ్ సరుకును సంచి లేకుండా విడిగా డబ్బాలో వేయండి. ఇంట్లో పోగుచేయడానికి సంచి వాడినా, డబ్బా దగ్గర దాన్ని బోర్లించి ఖాళీ సంచిని వెనక్కి తెచ్చుకోండి. కిరాణా దుకాణాలు కొన్నింటిలో ద్వారం దగ్గర పల్చటి సంచుల కోసం ప్రత్యేకంగా ఒక పెట్టె ఉంటుంది, శుభ్రంగా పొడిగా ఉన్నవాటిని అక్కడ వేయవచ్చు. 2022 జనవరి 1 నుంచి ఈ కౌంటీలో కిరాణా, మందుల, కన్వీనియన్స్ దుకాణాల్లో ఒక్కో ప్లాస్టిక్ సంచికి 5 సెంట్ల పన్ను వేస్తున్నారు కాబట్టి, గుడ్డ సంచి తీసుకువెళ్తే ఈ బాధే ఉండదు.

సంచుల సమస్య తీరినా స్టిక్కర్ పడుతూనే ఉంటే, తడి-పొడి లెక్కతో వేస్తున్న వస్తువులను వెతకండి. మన ఇళ్లలో ముందుగా పట్టుబడేది బియ్యం సంచి. సోనా మసూరి బియ్యం వచ్చే ఆ నేసిన ప్లాస్టిక్ సంచి పొడిగా, గట్టిగా, చూడముచ్చటగా ఉన్నా రీసైక్లింగుకు పనికిరాదు. దాని దారాలు కూడా ఇరుసులకు చుట్టుకుంటాయి. దుకాణం ద్వారం దగ్గరి పెట్టెలో కూడా అది వేయకూడదు. మిక్చర్ పొట్లాల లాంటి మెరిసే కవర్లు, థర్మోకోల్, ప్లాస్టిక్ గొట్టాలు, క్రిస్మస్ దీపాల తీగలు, ముక్కలుగా కత్తిరించిన కాగితం, ఇవన్నీ చెత్త డబ్బాలోకే వెళ్లాలి.

నిశ్చింతగా వేయదగినవి ఖాళీ చేసిన ప్లాస్టిక్ సీసాలు, పాల జగ్గులు, పెరుగు డబ్బాలు, లోహపు డబ్బాలు, అట్టపెట్టెలు, కాగితం. పెరుగు డబ్బాను అద్దంలా తోమనక్కరలేదు, ఒకసారి నీళ్లు పోసి తొలిపితే చాలు. పసుపు మరక ఉన్నా ఫరవాలేదు, కూర మాత్రం మిగిలి ఉండకూడదు. అట్టపెట్టెలను మడిచి చదును చేయండి. మన దగ్గరైతే పాత పేపర్ల అబ్బాయి వాటిని తూచి డబ్బు ఇచ్చి పట్టుకుపోయేవాడు, ఇక్కడ మడత పెట్టే పనీ మనదే, బండి ఖర్చూ మనదే.

ఆవకాయ సీసాలను వెనక్కి పెట్టేశారు

గాజు కూడా రీసైకిల్ అయ్యేదే కదా అని చాలామంది వాదిస్తారు. 2019 అక్టోబరు నుంచి ఈ కౌంటీలో ఇంటి ముందరి రీసైక్లింగ్ డబ్బాలో గాజు వేయకూడదు. బండిలో నలిగేటప్పుడు సీసాలు పగిలి, పెంకులు కాగితంలోకీ అట్టలోకీ చొచ్చుకుపోయి ఆ సరుకును కూడా అమ్ముడుపోకుండా చేసేవి, యంత్రాలను అరగదీసేవి.

గాజు కోసం కౌంటీలో పలుచోట్ల ఊదా రంగు పెద్ద తొట్లు పెట్టారు. పచ్చళ్ల సీసాలు, నెయ్యి సీసాలు, పానీయాల సీసాలు మూత తీసి, కడిగి, వాటిలో వేయాలి. కాగితం చీటీ ఊడదీయనక్కరలేదు. తెచ్చిన సంచిని మాత్రం తొట్లో వదలకూడదు. ఆవకాయ సీసాలో అడుగున పట్టిన నూనె మామూలు నీళ్లకు పోదు. వేడినీళ్లు, రెండు చుక్కల సబ్బు పోసి మూత బిగించి ఊపితే ఒక్క నిమిషంలో వదులుతుంది. అలా చేరిన గాజులో కొంత లార్టన్‌లో ‘బిగ్ బ్లూ’ అని ముద్దుపేరున్న నీలం యంత్రంలో నలిగి, ఇసుకగా, కంకరగా మారి నిర్మాణ పనులకు వెళ్తుంది. పగిలిన కిటికీ అద్దం, ముఖం చూసుకునే అద్దం, పింగాణీ కప్పులు, ఓవెన్‌లో పెట్టే గాజు గిన్నెలు వేరే రకం పదార్థాలు కాబట్టి ఆ తొట్లలో వేయకండి. వాటిని మందపాటి కాగితంలో చుట్టి చెత్తలో వేయాలి.

ఆకుల సంచులు వీధి అంచునే ఉండిపోయాయి

అవి ప్లాస్టిక్ సంచులైతే కారణం అదే. తోట చెత్త ఎరువుగా మారుతుంది, అందులో ప్లాస్టిక్ ముక్కలు కలిస్తే ఎరువంతా పాడవుతుంది. హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే పెద్ద కాగితపు సంచుల్లో కానీ, తోట చెత్త అని పేరు రాసి అంటించిన మూత డబ్బాలో కానీ ఆకులూ గడ్డీ పెట్టండి. కొమ్మలను చిన్నవిగా నరికి తాడుతో కట్టలు కట్టండి. ఆకుల కోసం వేరే బండి వస్తుంది కాబట్టి, చెత్త బండి వాటిని వదిలేసి వెళ్లగానే కంగారుపడకుండా సాయంత్రం దాకా చూడండి.

బ్యాటరీ, పెయింటు ఎక్కడ వేయాలో తెలియక గరాజులో పేరుకుపోయాయి

గరాజులో ఉండిపోవడమే నయం, చెత్త డబ్బాలోకి వెళ్లడం కంటే. పాత ఫోన్, ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్, పిల్లల బొమ్మలు, లాప్‌టాప్, వీటిలోని లిథియం బ్యాటరీ బండిలో నలిగితే అంటుకుంటుంది, చుట్టూ ఉన్న కాగితమూ అట్టా దానికి ఆజ్యమవుతాయి. ఈ కౌంటీలో ఇళ్ల చెత్తను ఎక్కువగా పూడ్చిపెట్టరు. లార్టన్‌లో 1990 నుంచి నడుస్తున్న, రోజుకు సుమారు 3,000 టన్నుల సామర్థ్యం గల కేంద్రంలో కాల్చి కరెంటు తీస్తారు. అక్కడికి చేరేదాకా ఆ బ్యాటరీ బండిలోనూ, చెత్తను కుమ్మరించే నేల మీదా మనుషుల మధ్యనే ఉంటుందని మరచిపోకూడదు.

ఇళ్లలోని ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే చోట్లు రెండు ఉన్నాయి. ఒకటి వెస్ట్ ఆక్స్ రోడ్డు మీది ఐ-66 ట్రాన్స్‌ఫర్ స్టేషన్. షాంటిలీ, సెంటర్‌విల్, హెర్న్‌డన్ వైపు వారికి ఇదే దగ్గర. రెండవది లార్టన్‌లో ఫర్నేస్ రోడ్డు మీది ఐ-95 ల్యాండ్‌ఫిల్ సముదాయం. ఈ వ్యర్థాలను అన్ని రోజులూ తీసుకోరు కాబట్టి రోజు, వేళ ముందే చూసుకుని, కౌంటీ నివాసి అని తెలిపే గుర్తింపు కార్డుతో వెళ్లండి. లిథియం బ్యాటరీల రెండు కొసలకూ టేపు అంటించి తీసుకువెళ్లండి. గోడ గడియారంలో వేసే మామూలు ఆల్కలైన్ బ్యాటరీలకు ఇంత హంగామా అక్కరలేదు, అవి చెత్తలో వేయవచ్చు.

పెయింటులో రెండు రకాలున్నాయి. నీటితో కలిసే గోడల పెయింటు ప్రమాదకరం కాదు. డబ్బా మూత తీసి, పెంపుడు పిల్లుల మలం కోసం వాడే మట్టి (క్యాట్ లిటర్) కలిపి, గట్టిపడేదాకా ఎండబెట్టి, మూత పెట్టకుండా చెత్తలో వేయండి. మూత పెట్టి ఉంటే లోపల ద్రవం ఉందో లేదో పనివారికి తెలియదు కాబట్టి వదిలేస్తారు. నూనె పెయింటు, థిన్నరు, పురుగుమందులు మాత్రం ఆ రెండు చోట్లకే వెళ్లాలి. పండగకు గారెలు వేయించిన నూనెను సింకులో పోయకండి, చల్లారాక ఖాళీ పాల జగ్గులో పోసి మూత బిగించి చెత్తలో వేయండి.

పరుపు, సోఫా, పాత ఫ్రిజ్ వీధిలో పెట్టినా తీసుకువెళ్లలేదు

పెద్ద వస్తువులు మామూలు సేకరణలోకి రావు. మీ కంపెనీతో ముందుగా మాట్లాడి, రుసుము ఎంతో తెలుసుకుని, రోజు ఖరారు చేసుకున్నాకే వీధిలోకి తీయండి. హెచ్‌ఓఏ ఉన్న కాలనీలో ముందే తీసిపెడితే బండి కంటే ముందు నోటీసు వస్తుంది. ఫ్రిజ్, ఏసీ ఉంటే ఆ సంగతి ఫోన్‌లోనే చెప్పండి, వాటిలోని వాయువును ముందుగా విడిగా తీయాల్సి ఉంటుంది. సొంతంగా తీసుకువెళ్లగలిగితే పైన చెప్పిన రెండు కేంద్రాలే ఇవి కూడా తీసుకుంటాయి, చెత్తకు రుసుము కట్టించుకుంటాయి. పాత ప్రెషర్ కుక్కర్లు, ఇనుప మంచాల లాంటి లోహపు సామానుకు అక్కడ విడిగా ఒక చోటు ఉంది. అద్దె ట్రక్కులో తీసుకువెళ్తే పైన టార్పాలిన్ కప్పి తాడుతో బిగించండి. దారిలో పరుపు ఎగిరి హైవే మీద పడితే అది చెత్త సమస్య కాదు, పోలీసు సమస్య.