అమెరికా సుంకం నుంచి మన గుంట గట్టు దాకా: ఊళ్లో అందరూ కలిసి మాట్లాడుకునే బృందం ఎలా పెట్టుకోవాలి?

2025 ఆగస్టు 27న మన సరుకుల్లో చాలావాటి మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. ఆ వారమంతా కావలి టీ కొట్ల దగ్గర రొయ్య ధర తప్ప వేరే మాట లేదు. రొయ్యల గుంట యజమాని, మేత అమ్మే డీలరు, ఐసు లారీ డ్రైవరు, ప్లాంటులో రొయ్య తలలు తీసే ఆడమనిషి... నలుగురికీ తగిలిన దెబ్బ ఒకటే. కానీ నలుగురూ ఏ టీ కొట్టు దగ్గరా ఒకచోట కూర్చోలేదు. ఎవరి కొట్టు వాళ్లది, ఎవరి వీధి వాళ్లది.

అలా విడివిడిగా ఉండేవాళ్లని ఒకచోట కూర్చోబెట్టడానికే మేం నెలకోసారి కలిసే బృందం ఒకటి నడుపుతున్నాం. పదిహేను మంది వస్తే గొప్ప. ఆరుగురితో సరిపెట్టుకున్న నెలలూ ఉన్నాయి. మీ ఊళ్లోనూ పెట్టాలనుకుంటే, మేం తప్పులు చేసి నేర్చుకున్నది మీకు పనికొస్తుంది.

దీన్ని మానవవాద బృందం అనగానే "దేవుణ్ని తిట్టే సభా?" అని అడుగుతారు. ఆ అనుమానం ఊరికే రాలేదు. నాస్తికోద్యమం నడిపిన గోరా గారు 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన నేల ఇది. మానవవాదం, నాస్తికత్వం మనవాళ్ల నోట ఒకటే అయిపోయాయి. నిజానికి మానవవాదం అడిగేది చాలా తక్కువ: మనిషి కష్టానికి కారణం ఆధారాలతో వెతకండి, ఏ మనిషినీ తక్కువ చేయకండి. ఇదేమీ బయటి సరుకు కాదు. శాస్త్రీయ దృష్టినీ, మానవవాదాన్నీ, ప్రశ్నించే తత్వాన్నీ పెంచుకోవడం పౌరుల విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణలోనే ఉంది. 1976లో 42వ సవరణతో చేర్చారు. మా బృందంలో నమాజు చేసేవాళ్లు, చర్చికి పోయేవాళ్లు, ఏటా అయ్యప్ప మాల వేసేవాళ్లు ఉన్నారు. ఏ దేవుణ్నీ నమ్మని ఇద్దరు ముగ్గురం కూడా ఉన్నాం. ఎవరూ ఎవరినీ మార్చే పని పెట్టుకోలేదు.

1. మొదట నలుగురిని వెతకండి, నలభై మందిని కాదు

ఆ నలుగురూ మీ స్నేహితులు కాకూడదు. ఒకే బడిలో చదివి, ఒకే పేపరు చదివి, ఒకే పెళ్లిళ్లకు పోయే నలుగురు కూర్చుంటే అది పేకాట బ్యాచ్ అవుతుంది, పేకలు ఉండవు అంతే. నలుగురివీ నాలుగు వీధులు కావాలి, అందులో ఇద్దరైనా ఆడవాళ్లు కావాలి. తర్వాత వచ్చేవాళ్లని ఈ నలుగురే పిలవాలి. పోస్టరు చూసి వచ్చేవాడు ఒక్కసారే వస్తాడు. తెలిసిన మనిషి ఇంటికొచ్చి పిలిస్తే రెండోసారీ వస్తాడు.

2. ఎక్కడ, ఎప్పుడు

గుడి మండపం, మసీదు ఆవరణ, చర్చి హాలు, పార్టీ ఆఫీసు, కులం పేరున్న కల్యాణ మండపం... ఇవేవీ వద్దు. ఎవరి ఇల్లయినా కూడా ఇబ్బందే. ఆ ఇంటి గడప తొక్కడానికి జంకేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. బడి వరండా, శాఖా గ్రంథాలయం, లేదంటే సముద్రపు ఒడ్డు. మాకు ఒక హాలు ఇస్తామన్నవాళ్లు, ఎవరెవరు వస్తారో విన్నాక తాళంచెవి పోయిందన్నారు. వాళ్లతో వాదించలేదు, బడి వరండాకి మారిపోయాం.

ఆదివారం పొద్దున చర్చి ఉంటుంది కాబట్టి సాయంత్రం నాలుగున్నర మంచిది. ఆరుకల్లా ముగించండి, ఆడవాళ్లు చీకటి ముదరకముందే ఇల్లు చేరాలి. రంజాన్ నెలలో ఇఫ్తారుకి చాలా ముందే ముగించండి. పొగాకు ఊళ్లలో అయితే బ్యారన్లు (ఆకు కాల్చే కొట్లు) మండే రోజుల్లో ఎవరూ రారు, రాలేదని బాధపడొద్దు.

3. దూరపు విషయం తీసుకోండి, కానీ దాని కొస మన ఊళ్లో ఉండాలి

మా మొదటి సమావేశం వాతావరణ మార్పు మీద. ప్రొజెక్టరు పెట్టి నలభై నిమిషాలు నేనే మాట్లాడాను. వెనక వరసలో ఒకాయన ఫోనులో క్రికెట్ చూశాడు. తప్పు ఆయనది కాదు.

మాకు బాగా పండిన విషయం ఎద్దు. బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో ఎక్కువ భాగం 'నెలోరె' జాతి. పేరు వింటేనే తెలుస్తుంది, అది మన నెల్లూరే. మన ఒంగోలు గిత్తల సంతతి. 1960ల మొదట్లో ఇక్కణ్నుంచి ఓడల్లో తీసుకెళ్లిన మేలు రకం పశువులే ఇప్పటి మందల్లో చాలావాటికి మూలం. ఆ దేశంలో పశువులు 20 కోట్లకు పైనే. అమెజాన్ అడవి తరిగిపోవడానికి పెద్ద కారణం కూడా పశువుల మేత కోసం నరికి చేసిన బీళ్లే.

ఆ రోజు బండలాగుడు పందేలకు జత మేపిన పెద్దాయన ఒకరు మూపురం, గంగడోలు చేత్తో గాలిలో గీసి చూపించారు. డిగ్రీ చదివే అమ్మాయి అడవి మ్యాపు తెచ్చింది. మాట అడవి నుంచి మాంసానికి వచ్చింది. అందరూ ఒక్కసారి గప్‌చుప్. అప్పుడు లారీ డ్రైవరు అన్నాడు: "మా ఇంట్లో తింటాం. ఇన్ని నెలల్నించీ వస్తున్నా, ఇక్కడ చెప్పలేదంతే." పెద్దాయన కాసేపు నేల చూపులు చూసి, "మా జతని మాత్రం నీకియ్యనబ్బా" అన్నారు. నవ్వులు. ఆ నవ్వు తర్వాతే ఎవరు ఏం తింటారు, ఎవరి కంచం పక్కన ఎవరు కూర్చోరు అన్న మాట మొదటిసారి బయటికొచ్చింది. ఆ విషయాన్నే ఆరోజు అంశంగా పెట్టి ఉంటే సగం మంది వచ్చేవాళ్లే కాదు.

నేను దూరపు విషయాలంటే ఇష్టపడేది ఇందుకే. బ్రెజిల్ మీద మనకి పార్టీ లేదు, కులం లేదు. నోరు అక్కడ తెరుచుకుంటే ఇక్కడిదాకా వస్తుంది.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటి కొసలకి కొదవ లేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ ధర ఎందుకు ఎగబాకింది? చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు చైనాకి పోతుంటే, ఆ క్వారీల్లో పనికి ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఎక్కడ పడుకుంటున్నారు? పొగాకు నియంత్రణ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పందానికి మన దేశం 2004లో ఆమోదం తెలిపింది. దాని 17వ అధికరణ పొగాకు రైతుకి వేరే బతుకుదెరువు చూపాలంటుంది. ఒంగోలు, కందుకూరు వైపు ఏ బ్యారన్ దగ్గరైనా ఈ ఒక్క వాక్యం చదివి చూడండి, రెండు గంటలు చాలవు.

4. దెబ్బ తగిలినవాళ్లే ముందు మాట్లాడాలి

ఇది ఒక్కటి పాటిస్తే సగం పని అయినట్టే. సుంకం మీద కూర్చున్న రోజు ముందు మాట్లాడింది రొయ్య తలలు తీసే ఆవిడ. తీసిన కిలోల లెక్కన కూలీ కాబట్టి సరుకు తగ్గిన రోజు కూలీ కూడా తగ్గుతుందని చెప్పింది. ఆ తర్వాత గుంట యజమాని లేచాడు. ఆయన ముందు మాట్లాడి ఉంటే ఆవిడ నోరు విప్పేది కాదు.

మనిషికి మూడు నిమిషాలు, ఫోనులో టైమర్ పెట్టండి. ఎంత పెద్దవాళ్లకైనా టైమర్ ఒకటే. ఎవరి మాటకైనా అడ్డు చెప్పాలంటే ముందు ఆ మాటని వాళ్లు ఒప్పుకునేలా తిరిగి చెప్పాలి. "మీరన్నది ఇదేగా?" అని అడిగి, అవునన్నాకే వాదన. కోపం సగం ఇక్కడే దిగిపోతుంది, ఎందుకంటే చాలాసార్లు అవతలివాళ్లు అన్నది అది కాదు.

బోర్డు మీద సుద్దముక్కతో రెండు గళ్లు గీయండి: తెలిసింది, విన్నది. వాట్సాప్‌లో వచ్చినదంతా రెండో గడిలోకే. ఆ రోజు "అమెరికా వాళ్లు మన రొయ్యలు కొనడం మానేశారు" అన్న మాట 'విన్నది' గడిలో పడింది, తర్వాత కొట్టేశాం. సుంకం కట్టేది అక్కడి దిగుమతిదారు, ఆ బరువు ధర తగ్గించి ఇటు తోస్తాడు, ఎగుమతిదారు గుంట గట్టు దగ్గర కౌంటు ధర (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే ధర) కోస్తాడు అన్న మాట 'తెలిసింది' గడిలోకి చేరింది. చివర్లో బోర్డుని ఫోటో తీసి ఉంచుకోండి.

5. కుర్చీ, గ్లాసు, పిలుపు

ఉపన్యాసాల కంటే నాకు వీటి మీదే గురి ఎక్కువ.

యానాది కాలనీ నుంచి ఒక అక్క వచ్చేది. మొదటి రెండు నెలలు కుర్చీ ఖాళీగా ఉన్నా మెట్టు మీదే కూర్చుంది. కూర్చోమని బతిమాలితే ఇంకా ముడుచుకుపోయింది. మూడో నెల కుర్చీలన్నీ తీసేసి అందరం చాప మీద కూర్చున్నాం. సమస్య మాట్లాడకుండానే తీరింది. మోకాళ్ల నొప్పులున్న ఇద్దరికే కుర్చీలు, వాళ్లు ఏ కులమైనా.

టీకి పేపర్ కప్పులు కొనకండి. చెత్త గురించి కాదు నేను చెప్పేది. దళితులకు వేరే గ్లాసు పెట్టిన రెండు గ్లాసుల పద్ధతి చూసిన నేల మనది. పేపర్ కప్పు వచ్చాక ఎవరు ఎవరి గ్లాసులో తాగరన్న ప్రశ్న కనిపించకుండా పోయింది, తీరలేదు. స్టీలు గ్లాసులు పెట్టండి. ఒకే బకెట్టు, ఎవరి గ్లాసు వాళ్లు కడిగి బోర్లించాలి. వచ్చే నెల ఎవరిది ఎవరికి వస్తుందో ఎవరికీ తెలియదు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మొహర్రం అప్పుడు జరిగే రొట్టెల పండుగలో ఏ మతం వాళ్లయినా ఒకరి చేతి రొట్టె ఇంకొకరు కళ్లకద్దుకుని తింటారు. అక్కడ వీసా వస్తుందన్న ఆశతో 'వీసా రొట్టె' కోసం ఎగబడే మన చేతులకి ఇక్కడ గ్లాసు బరువవుతుందా అని ఒకసారి అడిగాను. కొంచెం ఎగతాళిగానే అడిగాను, అలా అడగాల్సింది కాదు. ఒకాయన తర్వాత రాలేదు.

పిలుపులు కూడా చూసుకోండి. ఆ యానాది అక్క అందరినీ "సామీ" అనేది, అందరూ ఆమెని పేరు పెట్టి "నువ్వు" అనేవాళ్లు. మా నియమం: అందరూ అందరికీ అన్న, అక్క, మీరు. సార్, మేడం, సామీ లేవు. రిటైర్డ్ హెడ్మాస్టరు గారికి అలవాటు కావడానికి ఆర్నెల్లు పట్టింది.

6. గొడవ వచ్చినప్పుడు

వస్తుంది. గొంతు పెరిగితే టీ ఇచ్చేయండి, ఎంత మధ్యలో ఉన్నా. ఒకరి మతాన్నో కులాన్నో తిడితే మాత్రం టీ కాదు, ఆ రోజుకి ఆపేయడమే. తిట్టినవాళ్ల ఇంటికి మర్నాడు వెళ్లాలి, ఒక్కరే వెళ్లాలి.

7. మెల్లగా దగ్గరికి రండి

డిసెంబర్ 10 మానవ హక్కుల దినం. 1948లో ఐక్యరాజ్య సమితి ఒప్పుకున్న ప్రకటన తెలుగు ప్రతిని తలా ఒక అధికరణ చొప్పున చదివాం. మొదటి అధికరణ ముసాయిదాలో మనుషులు అనడానికి మగవాళ్లకు వాడే మాటే ఉంటే, మన దేశం తరఫున వెళ్లిన హంసా మెహతా పట్టుబట్టి ఆడా మగా అందరికీ వర్తించే మాట పెట్టించారు. ఇది చెప్పగానే ఆడవాళ్ల వైపు నుంచి చప్పట్లు. దానికి రెండేళ్ల ముందు, 1946లో, నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్ష చేశారని హెడ్మాస్టరన్న గుర్తు చేశారు. "ఇప్పుడు మన ఊళ్లో ఎలా ఉంది?" అని ఎవరో అడిగారు. అడిగింది నేను కాదు, అదే నాకు సంతోషం.

మాటలతో ఏమవుతుందనేవాళ్లకి మన నెల్లూరు జిల్లా దూబగుంట పేరు చెప్పండి. 1990ల మొదట్లో రాత్రిపూట అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు పాఠం మధ్యలో సారా గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ మాటే ఉద్యమమైంది, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

ఆ మానవ హక్కుల ప్రకటనలో నాలుగో అధికరణ, బానిసత్వం కూడదన్నది, చదవడం యానాది అక్క వంతు వచ్చింది. ఆమెకి చదువు రాదు కాబట్టి పక్కనున్న అమ్మాయి చదివి వినిపించింది. రెండుసార్లు చదివించుకుంది. వచ్చే రెండో ఆదివారానికి అంశం ఆమే ఇచ్చింది: గుంటల కాపలాకి కుదిరినవాళ్ల ఆధార్ కార్డులు యజమాని దగ్గరెందుకు ఉండాలి? మా బృందంలో గుంటలున్నవాళ్లు ఇద్దరున్నారు. ఇద్దరి ఇళ్లకూ వెళ్లి పిలిచొచ్చాను. ఒకరు వస్తానన్నారు.