కత్తెర పట్టే ముందు: ఆస్ట్రేలియా బోన్సాయ్ చెట్లకు వేసవి జాగ్రత్తలు

సెప్టెంబరులో ఎండ కాస్త వెచ్చబడగానే మెల్‌బోర్న్, సిడ్నీల్లో బోన్సాయ్ పెంచేవాళ్ళ చేతులు ఊరుకోవు. మేపుల్, జునిపర్ లాంటి చెట్లకు అప్పటికే కుండీ మార్చే పని అయిపోయి ఉంటుంది. బ్యాంక్సియా, టీ ట్రీ (మన తేయాకు మొక్క కాదు), యూకలిప్టస్, బాటిల్ బ్రష్ లాంటి ఈ నేల చెట్లకు మాత్రం అసలు పని ఇక ముందే ఉంటుంది. చిక్కు కూడా అక్కడే. కుండీ మార్చి వేర్లు కోయడానికి అనువైన వెచ్చదనం వచ్చి నెల తిరిగేసరికి నలభై డిగ్రీల రోజులు వచ్చేస్తాయి. మన తెలుగు కుటుంబాలు పిల్లల సెలవులు చూసుకుని, సంక్రాంతి కలిసొచ్చేలా ఇండియా వెళ్ళేదీ సరిగ్గా అప్పుడే. చిన్న కుండీలో ఉన్న చెట్టు ఎండిపోవడానికి ఒక్క మధ్యాహ్నం చాలు. 2009 ఫిబ్రవరి 7న మెల్‌బోర్న్‌లో 46.4 డిగ్రీలు, 2020 జనవరి 4న సిడ్నీ పశ్చిమాన పెన్‌రిత్‌లో 48.9 డిగ్రీలు నమోదయ్యాయి. అలాంటి రోజు మళ్ళీ వస్తుందనే అనుకుని పని మొదలుపెట్టాలి.

అన్నిటికంటే ముందు, జపాను చెట్ల క్యాలెండరును వీటికి పెట్టకండి. వీడియోల్లో ఎక్కువగా కనిపించేవి ఆకురాల్చే చెట్లు. అవి చలికాలమంతా నిద్రలో ఉంటాయి, ఆ నిద్ర ముగిసే సమయం చూసి వేర్లు కోస్తారు. ఇక్కడి చెట్లు దాదాపు అన్నీ ఏడాది పొడవునా ఆకుతోనే ఉంటాయి. ఆగస్టు చలిలో వీటి వేరు కోస్తే కొత్త వేరు రాదు, తడి మట్టిలో ఆ గాయం కుళ్ళుతుంది. రాత్రులు కూడా వెచ్చబడి, కొమ్మ చివర చిగురు కదులుతున్నప్పుడే వేర్లు ముట్టుకోవాలి. మెల్‌బోర్న్‌లో అది అక్టోబరు చివర, నవంబరు మొదట్లో వస్తుంది. బ్రిస్బేన్‌లో ఇంకా ముందే, హోబార్ట్‌లో ఇంకా ఆలస్యంగా. తేదీ కన్నా చిగురునే నమ్మండి.

ఆకు వదిలి కోయండి

కొమ్మ కోసేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: కోసిన చోటికి వెనకాల పచ్చని ఆకు మిగిలిందా? ఈ దేశపు చెట్లలో కొన్నిటికి బెరడు కింద నిద్రాణంగా మొగ్గలుంటాయి. కార్చిచ్చు వచ్చి పైన అంతా మాడిపోయినా ఆ మొగ్గలు పగిలి మళ్ళీ ఆకు వేస్తాయి. చాలా యూకలిప్టస్ జాతుల్లో, సెరాటా రకం బ్యాంక్సియాలో మొదలు దగ్గర ఉబ్బుగా ఒక దుంప కూడా ఉంటుంది, దాన్నే లిగ్నోట్యూబర్ అంటారు. ఇలాంటివి ఆరోగ్యంగా ఉంటే గట్టిగా కోసినా తేరుకుంటాయి. అదే కుటుంబంలోని ఎరిసిఫోలియా బ్యాంక్సియాకు ఆ దుంప లేదు. అడవిలో నిప్పు వస్తే ఆ చెట్టు చచ్చిపోయి, గింజ నుంచే మళ్ళీ పుడుతుంది. దాని ముదురు కొమ్మను ఆకు లేకుండా కోస్తే ఆ కొమ్మ పోయినట్టే. అందుకే నర్సరీ ట్యాగ్ మీద ఉన్న పూర్తి పేరు పారేయకుండా కుండీకే కట్టి ఉంచండి. ఉత్త "బ్యాంక్సియా" అంటే సరిపోదు.

టీ ట్రీ విషయంలో నేను మరీ పట్టుదలగా ఉంటాను. చాలా రకాలు ఆకు లేని ముదురు కొయ్య నుంచి చిగురించవు. చిన్నప్పటి నుంచే ఆకును లోపలికి నిలుపుకుంటూ, కొద్దికొద్దిగా చివరలు తుంచుకుంటూ రావాలి. "ఈసారి ఒక్కసారిగా పొట్టి చేసేద్దాం" అనే ఆలోచన దీనికి పనికిరాదు.

బాటిల్ బ్రష్‌కు అంత టెన్షన్ అక్కర్లేదు. పువ్వు వాడగానే, గింజ కాయలు గట్టిపడక ముందే, పువ్వుకు వెనకాల కోయండి. కొమ్మ ఆ పువ్వు చివర నుంచే సాగిపోయే అలవాటు దానిది. వదిలేస్తే రెండేళ్ళలో కొమ్మంతా బోసిపోయి కొసన మాత్రమే ఆకు ఉంటుంది. పోర్ట్ జాక్సన్ ఫిగ్ ఇంకా సులువు. మన మర్రి, రావి జాతిదే కాబట్టి ఎండాకాలంలో ఎక్కడ కోసినా చిగురేస్తుంది. పాలు మాత్రం చర్మానికి, కళ్ళకు తగలనివ్వకండి. మొదటిసారి చేసేవాళ్ళు దీనితోనే మొదలుపెడితే మంచిది.

యూకలిప్టస్, అదే మన కోస్తా జిల్లాల్లో జామాయిల్ అనే చెట్టు, కోయగానే ఒకేచోట గుత్తిగా చిగుళ్ళు వేస్తుంది. వాటిలో రెండు ఉంచి మిగతావి లేతగా ఉన్నప్పుడే గిల్లేయాలి. లోపలి కొమ్మకు వెలుతురు అందకపోయినా, దాని ఆకంతా ఒకేసారి తీసేసినా, చెట్టు ఆ కొమ్మను వదిలేసే ప్రమాదం ఉంది. వైరింగ్, అంటే తీగ చుట్టి కొమ్మను వంచే పని, చేయాలంటే కొమ్మ లేతగా, ఎర్రగా ఉన్నప్పుడే చేయండి. ముదిరిందంటే వంగదు, విరుగుతుంది. వేసవిలో కొమ్మలు గబగబా లావెక్కుతాయి కాబట్టి వారం వారం తీగ చూసుకోవాలి, ముఖ్యంగా ఫిగ్‌కు.

వేర్లు, మట్టి

వేరు, కొమ్మ ఒకే రోజు కోయకండి. అనుభవం ఉన్న కొందరు రెండూ కలిపి చేస్తారు. కానీ బ్యాంక్సియా, టీ ట్రీ పెంచేవాళ్ళకు నా సలహా మాత్రం ఇదే: ముందు వేరు పని, కొత్త చిగురు కనిపించాక కొమ్మ పని. వేర్లలో మూడో వంతు కంటే ఎక్కువ తీయొద్దు. పాత మట్టిని నీళ్ళతో కడిగేసి వేర్లను నగ్నంగా చేయొద్దు. టీ ట్రీ సన్న వేర్లు గాలికి క్షణాల్లో ఆరిపోతాయి. తడి గుడ్డ, నీళ్ళ స్ప్రే పక్కన పెట్టుకుని, నీడలో, గాలి లేని రోజున కూర్చోండి. పని మొదలుపెట్టే ముందు వాతావరణ శాఖ ఏడు రోజుల సూచన చూడండి. అందులో 35 దాటే రోజు ఒక్కటి కనిపించినా వాయిదా వేయండి. డిసెంబరులో ఊరు వెళ్తున్నవాళ్ళు నవంబరు మధ్య తర్వాత అసలు వేర్లు ముట్టుకోవద్దు. ఆ ఏడాదికి ఇరుకు కుండీలోనే ఉండనివ్వండి, ఏమీ కాదు.

ఎరువు దగ్గర మన అలవాటే మనకు అడ్డం వస్తుంది. మొక్క అనగానే ఎముకల పొడి, కోళ్ళ ఎరువు వేయడం మనకు చేతికొచ్చిన పని. గులాబీకి మంచిదే. బ్యాంక్సియా, గ్రెవిల్లియా, హేకియా కుటుంబానికి మాత్రం అందులోని భాస్వరం విషం. భాస్వరం దాదాపు లేని పురాతన నేలల్లో బతకడానికి వీటి వేర్లు బ్రష్షులా గుత్తులు కట్టి, ఉన్న కాస్తా పీల్చుకునేలా తయారయ్యాయి. ఎక్కువ పెడితే ఆపుకోలేవు. కొత్త ఆకు పసుపుపచ్చగా మారుతుంది, అంచులు మాడతాయి. సంచి మీద నేటివ్ మొక్కలకని రాసి, భాస్వరం 3 శాతం లోపు ఉన్నదే కొనండి. అరకు కాఫీ తోటల్లో నీడ కోసం, మిరియం తీగల కోసం పెంచే సిల్వర్ ఓక్ కూడా గ్రెవిల్లియానే. ఇండియాలో దాన్ని కుండీలో పెంచాలనుకునేవాళ్ళు కూడా భాస్వరం ఎక్కువగా ఉండే డీఏపీ జోలికి పోవద్దు.

రస్ట్ తెగులు

కత్తిరింపు తర్వాత వచ్చే లేత చిగురుకు మిర్టిల్ రస్ట్ అనే బూజు తెగులు పొంచి ఉంటుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ తెగులును ఆస్ట్రేలియాలో మొదట 2010లో న్యూ సౌత్ వేల్స్ సెంట్రల్ కోస్ట్‌లో గుర్తించారు. బాటిల్ బ్రష్, పేపర్‌బార్క్, లిల్లీ పిల్లీ, టీ ట్రీ, యూకలిప్టస్ అన్నీ దాని బారిన పడే కుటుంబమే. లిల్లీ పిల్లీ మన నేరేడుకు దగ్గరి చుట్టం. లేత ఆకు మీద గుడ్డు సొనలాంటి పసుపు పొడి కనిపిస్తే అదే. 15 నుంచి 25 డిగ్రీల వేడి, రాత్రంతా ఆకు మీద తడి ఉంటే వేగంగా పాకుతుంది. అందుకే కత్తిరించాక సాయంత్రం పూట ఆకుల మీద నీళ్ళు చల్లొద్దు, తెల్లవారి కుండీ మట్టికే పోయండి. పొడి కనిపిస్తే దులపకండి, మీ బట్టల మీదే ఇంకో చెట్టుకు చేరుతుంది. మొక్కను కదపకుండా ఫోటో తీసి, అది ఇంకా పెద్దగా లేని ప్రాంతమైతే మొక్కల తెగుళ్ళ హాట్‌లైన్ 1800 084 881కు చెప్పండి. ఈ జాతి మొక్కలను రాష్ట్రం దాటించే ముందు అక్కడి నిబంధనలు చూసుకోండి.

ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వెళ్ళేటప్పుడు కత్తెర మట్టి కడిగి, మెథిలేటెడ్ స్పిరిట్‌తో తుడవండి. వేరు కుళ్ళు తెచ్చే ఫైటోఫ్తోరా మట్టిలో, నీళ్ళలో ప్రయాణిస్తుంది. పశ్చిమ ఆస్ట్రేలియా అడవుల్లో బ్యాంక్సియాలను చంపుతున్నది అదే. అడవిలో చెట్టు నచ్చిందని అనుమతి లేకుండా తవ్వుకు రావడం నేరం, పైగా దానితో ఈ కుళ్ళును కూడా ఇంటికి తెచ్చుకున్నట్టే.

మీ ఒంటికి

ఈ భాగం ఇంట్లో పెద్దవాళ్ళకు తప్పక చదివి వినిపించండి. మనవలను చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలు తోట పని తామే చేస్తామంటారు, ఒట్టి చేతులతో మట్టి కలుపుతారు. ఇక్కడి పాటింగ్ మిక్స్‌లో, అంటే సంచుల్లో అమ్మే కుండీ మట్టిలో, లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. ఆ దుమ్ము పీలిస్తే తీవ్రమైన న్యుమోనియా రావచ్చు. యాభై దాటినవాళ్ళకు, పొగతాగేవాళ్ళకు ప్రమాదం ఎక్కువ. సంచి మీద హెచ్చరిక ముద్రించి ఉండేది అందుకే. సంచిని ఆరుబయట, ముఖానికి దూరంగా తెరవాలి, తడిపి కలపాలి. మాస్కు, గ్లోవ్స్ వేసుకోవాలి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆ తర్వాత రోజుల్లో జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే డాక్టరుకు మట్టి పని చేశామని చెప్పండి. చెబితేనే ఆ పరీక్ష చేయాలన్న ఆలోచన ముందుగా వస్తుంది.

కుండీ ఎత్తేటప్పుడు అడుగున వేలు పెట్టకండి. రెడ్‌బ్యాక్ సాలీళ్ళకు ఆ అంచులు ఇష్టమైన చోటు. కరిస్తే ఐస్ పెట్టి విష సమాచార కేంద్రం 13 11 26కు ఫోన్ చేయండి, గట్టిగా కట్టు కట్టొద్దు. సిడ్నీ చుట్టుపక్కల నల్లటి పెద్ద సాలీడు కరిస్తే మాత్రం ఫనెల్ వెబ్ అనే అనుకుని, వెంటనే బిగుతుగా కట్టు కట్టి, కదలకుండా ఉంచి అత్యవసర నంబరు 000కు ఫోన్ చేయాలి.

నలభై డిగ్రీల రోజు, ఊరు వెళ్ళే నెల

వేడి రోజుకు ముందటి సాయంత్రమే కుండీని నిండుగా తడపండి. తెల్లారి మళ్ళీ పోయండి. కాంక్రీటు మీద, పడమటి గోడ పక్కన ఉన్నవన్నీ తూర్పు వైపు నీడకు మార్చండి. కుండీని ఇంకో పెద్ద కుండీలో పెట్టి మధ్యలో తడి ఇసుక నింపితే వేర్లకు ఎండ సెగ తగలదు. ఎండలో పడి ఉన్న పైపులో నీళ్ళు సలసల కాగుతుంటాయి, ముందు వాటిని పారబోయండి. బాటిల్ బ్రష్, పేపర్‌బార్క్ కుండీలను వేసవిలో నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టొచ్చు. బ్యాంక్సియాను వద్దు. ఒకసారి బాగా ఎండిన మట్టి నీళ్ళు తాగదు, పక్కల నుంచి జారిపోతాయి. అప్పుడు కుండీ మొత్తాన్ని బకెట్లో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచాలి.

ఊరు వెళ్తుంటే టైమర్ డ్రిప్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. బ్యాటరీ అయిపోవచ్చు, పైపు ఊడిపోవచ్చు. ప్రయాణానికి రెండు వారాల ముందే బిగించి, మీరు ఇంట్లో ఉండగానే నడిపి చూడండి. దానితో పాటు రెండ్రోజులకోసారి వచ్చి చూసే మనిషిని పెట్టుకోండి. మెల్‌బోర్న్ శివార్లలో టార్నీట్‌లోనో పాయింట్ కుక్‌లోనో పక్క వీధి స్నేహితులైతే, వెళ్ళే ముందు ఓ సాయంత్రం పిలిచి ఏ కుండీకి ఎన్ని నీళ్ళో వాళ్ళ చేతే పోయించండి. వేడి రోజు చేయాల్సింది కాగితం మీద తెలుగులో రాసి కుళాయి దగ్గర అంటించండి. కొత్తగా వేరు కోసిన చెట్టు ఉంటే దాన్ని మీ ఊళ్ళోని బోన్సాయ్ క్లబ్బులో అనుభవం ఉన్న సభ్యుల ఇంట్లో పెట్టి వెళ్ళడమే మేలు.

తిరిగొచ్చాక ఆకులన్నీ ఎండి కనిపిస్తే వెంటనే పారేయకండి, ఎరువు అసలు వేయకండి. గోటితో బెరడు కాస్త గీకి చూడండి. కింద పచ్చగా ఉంటే నీడలో పెట్టి, మట్టి చెమ్మగా ఉంచుతూ ఏప్రిల్ దాకా ఆగండి. యూకలిప్టస్, సెరాటా బ్యాంక్సియా, ఫిగ్ చాలాసార్లు మొదలు నుంచి చిగురిస్తాయి. ఎండిన కొమ్మలను ఆ చిగురు వచ్చాకే తీయండి. టీ ట్రీ ఆకు మాత్రం గలగలమని రాలిపోతుంటే ఇక ఆశ పెట్టుకోనక్కర్లేదు.