ఈనిన తొలి రెండు గంటలు ముక్కుదే పని

గొర్రె ఈనగానే పిల్లను ఎత్తుకుని, గుడ్డతో శుభ్రంగా తుడిచి, గోనెసంచిలో చుట్టి తల్లి ముందు పెడతారు చాలామంది. మంచి పనే చేశామనుకుంటారు. తల్లి పిల్లను దగ్గరికి రానివ్వకపోవడం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. బెంగళూరు చుట్టూ హోసకోటె, ఆనేకల్, దేవనహళ్లి వైపు నాలుగైదు గొర్రెలో మేకలో పెంచుకునే మన తెలుగు ఇళ్లలో ఈ తప్పు మరీ ఎక్కువ. జాగా చిన్నది, చూడ్డానికొచ్చే చుట్టుపక్కలవాళ్లు ఎక్కువ.

పిల్ల బయటికొచ్చేటప్పుడు దారి సాగుతుంది. ఆ సాగుడుకే తల్లి మెదడులో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. అప్పటిదాకా ఉమ్మనీటి వాసనకు మొహం తిప్పుకునే గొర్రె, ఇప్పుడు అది పడ్డ నేలను కూడా నాకుతుంది. పిల్లను నాకుతూ నాకుతూనే దాని వాసన పట్టేస్తుంది. మేకకు ఐదు పది నిమిషాలు చాలు, గొర్రెకు గంట నుంచి రెండు గంటలు. ఆ తర్వాత ఇంకో పిల్ల పొదుగు దగ్గరికొస్తే కుమ్మేస్తుంది. రూపు, గొంతు కూడా ఒకటి రెండు రోజుల్లో గుర్తుపడుతుంది గానీ అవి దూరం నుంచి వెతుక్కోవడానికే. పాలిచ్చే చోట ముక్కు మాటే చెల్లుతుంది. పాలు తాగుతున్న పిల్లను గమనించండి: తోక గిలగిల ఆడిస్తూ ఉంటుంది, తల్లి మెడ వెనక్కి తిప్పి సరిగ్గా ఆ తోక మొదట్లో వాసన చూసి, నోరు తెరవకుండానే గొంతులో సన్నగా గురగురమంటుంది. ఆ గురగుర వినిపిస్తే మీకిక పని లేదు.

కాబట్టి ఈనే ముందే నాలుగడుగులు బై ఐదడుగుల గది ఒకటి తడికలతో కట్టి, ఎండుగడ్డి పరచండి. ఫినాయిల్ చల్లొద్దు. చేతికి డెటాల్, సెంటు వాసన ఉండకూడదు. పిల్ల పడగానే ముక్కు, నోటి దగ్గరి జిగురు మాత్రం వేళ్లతో తీసేయండి, మిగతాది తల్లికి వదిలేయండి. జరపాల్సి వస్తే ఎత్తుకుని నడవొద్దు. గాల్లో ఉన్న పిల్ల కనబడక, తల్లి ఈనిన చోటికే పరుగెడుతుంది. ముందు కాళ్లు పట్టి, నేలకు ఆనించి, తల్లి ముక్కు ముందే మెల్లగా లాగుతూ వెళ్లండి, వెంటే వస్తుంది. కవలలైతే ఇంకో చిక్కు. రెండోది పుట్టే హడావుడిలో మొదటిది పక్కకు జారిపోయి దాని ఒంటి తడి ఆరిపోతుంది. దాన్ని తెచ్చి తల్లి మూతి దగ్గరే పెట్టండి. ఒంటి పిల్లైతే ఒకరోజు, కవలలైతే రెండు మూడు రోజులు ఆ గదిలోనే ఉంచాలి. మందలోకి వదిలే ముందు తల్లి పక్క మీద, పిల్లల పక్కల మీద ఒకే నంబరు రాస్తే తర్వాత వెతుకులాట ఉండదు.

తల్లి నాకడం కాస్త తగ్గాక బొడ్డును రెండంగుళాలు వదిలి కత్తిరించి, టించర్ అయోడిన్‌లో ముంచండి. రెండు చన్నులనూ ఒక్కొక్క ధార పిండి చూడండి. కొసన గట్టి మైనం లాంటిది అడ్డుపడి ఉంటే పిల్ల ఎంత లాగినా పాలు రావు. గంటలోపు లేచి నిలబడాలి, రెండు గంటల్లో జున్నుపాలు కడుపులో పడాలి. మాయ ద్వారా రోగనిరోధక శక్తి పిల్లకు రాదు, జున్నుపాలతోనే వస్తుంది. తొలి ఆరు గంటల్లో పేగు బాగా పీల్చుకుంటుంది, 24 గంటలకు ఆ దారి మూసుకుపోతుంది. లెక్క: కిలో బరువుకు ఒక్కోసారి 50 మిల్లీలీటర్లు, రోజులో నాలుగుసార్లు. రెండున్నర కిలోల పిల్లకు 125 చొప్పున మొత్తం అర లీటరు.

తల్లి తన్నుతుంటే ముందు పొదుగు పట్టి చూడండి. వేడిగా, గట్టిగా ఉంటే అది పొదుగువాపు, నొప్పికే తన్నుతోంది. పిల్ల పళ్లు గుచ్చుకున్నా తన్నుతుంది. ఇవేవీ లేకపోతే తొలిచూలు భయం కావచ్చు. ఒకరు పట్టుకుని రోజుకు ఐదారుసార్లు తాగిస్తే రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

తల్లిని పోగొట్టుకున్న పిల్లను ఇంకో గొర్రెకు అలవాటు చేయాలంటే, ఆ గొర్రె ఈనే సమయమే సరైన అదను. ఉమ్మనీటి సంచి పగిలినప్పుడు నీళ్లు గిన్నెలో పట్టుకోండి. తెచ్చిన పిల్లను గోరువెచ్చటి నీళ్లతో కడిగి పాత వాసన పోగొట్టి, తల నుంచి తోక దాకా ఆ ఉమ్మనీరు పూయండి. రెండ్రోజుల పిల్లైతే లేచి గెంతుతుంది, అప్పుడే పుట్టిన పిల్ల అలా గెంతదని గొర్రెకు తెలుసు. అందుకే ఆ పిల్ల మూడు కాళ్లు వదులుగా కట్టి పావుగంట పడుకోబెట్టండి. ముందు దీన్ని నాకనిచ్చి, తర్వాత సొంత పిల్లను చూపించాలి.

గొర్రె సొంత పిల్ల చచ్చిపోయి ఉంటే దాని తోలు తీసి, తోక సహా, కొత్త పిల్లకు చొక్కాలా తొడుగుతారు. తోక వదిలేస్తే ఫలితం ఉండదు, గొర్రె వాసన చూసేది అక్కడే మరి. రెండు మూడు రోజుల్లో తీసేయాలి, లేకపోతే కుళ్లి ఈగలు ముసురుతాయి. రోగంతో చచ్చిన పిల్ల తోలు మాత్రం వాడొద్దు. గొర్రె ముక్కుకూ పిల్ల తోకకూ విక్స్ రాసే చిట్కా ఒకటుంది. ఒక్కోసారి పనిచేస్తుంది గానీ దాని మీదే ఆధారపడకండి. అన్నీ కుదరకపోతే రెండు కర్రల మధ్య గొర్రె మెడ ఇరికించి, పడుకోవడానికి, మేతకు, నీళ్లకు వీలుంచి మూడు నుంచి ఐదు రోజులు కట్టేయాలి. విప్పాక తోక వాసన చూసి ఊరుకుంటే ఒప్పుకున్నట్టే.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో బెంగళూరు చలికి తడి పిల్ల త్వరగా చల్లబడుతుంది. నోట్లో వేలు పెడితే చల్లగా తగిలినా, థర్మామీటర్ 37 డిగ్రీల కంటే తక్కువ చూపినా పాలు పట్టొద్దు. మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు ఆరబెట్టి, వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టి వెచ్చబరచండి. పుట్టి ఐదారు గంటలు దాటాక చల్లబడిన పిల్లను గ్లూకోజ్ ఎక్కించకుండా వేడిచేస్తే మూర్ఛ వచ్చి చచ్చిపోతుంది. అది డాక్టరు చేయాల్సిన పని, పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ చేయండి. పన్నెండు గంటలు దాటినా మాయ పడకపోతే కూడా అంతే. చేత్తో లాగారో, లోపల చిరుగుతుంది.

ఏ తల్లీ ఒప్పుకోని పిల్లకు సీసా పాలే గతి. బరువులో పదో వంతు నుంచి కొంచెం పైకి, నాలుగు పూటలుగా, 38 డిగ్రీల వెచ్చదనంతో పట్టండి. పిల్లను నిలబెట్టి, తల మరీ పైకెత్తకుండా తాగించాలి.