యోగా సామాను – మూడో పాఠం: మ్యాట్ జారుతోందా, చెయ్యి జారుతోందా?

మొదటి పాఠంలో ఏది కొనాలో, ఏది అక్కర్లేదో చూశాం. రెండో పాఠంలో మ్యాట్ పొడవు, మందం చూశాం. ఈ పాఠమంతా జారుడు గురించే. చాలామంది మ్యాట్ మార్చేది ఈ బాధతోనే. మార్చినా బాధ తీరకపోవడానికి కారణం, జారుడు ఎక్కడ పుడుతోందో చూడకపోవడం. నేలకీ మ్యాట్‌కీ మధ్య జారొచ్చు, మ్యాటే సాగిపోవచ్చు, మ్యాట్ మీద అరచెయ్యి జారొచ్చు, ఒంటి మీద బట్ట జారొచ్చు. ఒక్కోదానికి మందు వేరు.

ముందు పరీక్ష

మ్యాట్ పరిచి, ముందు అంచు వెంబడి నేల మీద సుద్దముక్కతో గీత గీయండి. అధోముఖ శ్వానాసనంలోకి (అరచేతులు, పాదాలు నేలకి ఆనించి నడుము పైకెత్తే ఆసనం) వెళ్ళండి. మధ్యవేళ్ళ కొసలు ఆనిన చోట ఎవరిచేతనైనా మ్యాట్ మీద కూడా చిన్న గుర్తు పెట్టించండి. ఐదు శ్వాసలు ఆగి దిగండి. తర్వాత నాలుగైదు సూర్య నమస్కారాలు చేసి, చెమట పట్టాక, వేళ్ళు అదే గుర్తు దగ్గర పెట్టి మళ్ళీ అదే ఆసనం వేయండి.

మ్యాట్ అంచు గీత దాటిందంటే తప్పు నేల దగ్గర ఉంది. అంచు కదల్లేదు కానీ వేళ్ళు గుర్తు దాటాయంటే తప్పు మ్యాట్ పై పొరలోనో మీ చేతిలోనో ఉంది. అంచూ కదల్లేదు, వేళ్ళూ కదల్లేదు, కానీ చేతులకీ కాళ్ళకీ మధ్య మ్యాట్ సాగి, లేచాక అలల్లా ముడతలు కనిపిస్తే సరుకే మెత్తన. పొడి చేత్తో ఒకసారి, తడి చేత్తో ఒకసారి చేయడం తప్పనిసరి. ఈ రెండు ఫలితాలూ తరచు వేరుగా వస్తాయి. కొనేటప్పుడు పనికొచ్చేది ఆ తేడాయే.

నేల

హైదరాబాద్ ఫ్లాట్లలో ఎక్కువగా ఉండేవి నున్నటి విట్రిఫైడ్ టైల్స్. వాటి మీద మ్యాట్ జారడానికి ముఖ్య కారణం దుమ్ము. పక్కన ఎక్కడో ఒక కట్టడం లేస్తూనే ఉంటుంది కాబట్టి పొద్దున తుడిచిన గచ్చు మీద సాయంత్రానికే సన్నటి పొడి పేరుకుంటుంది. మ్యాట్ అడుగు ఆ పొడి మీద తేలుతుంది. రెండో కారణం ఫినాయిల్, సువాసన లిక్విడ్లు. అవి ఆరాక పల్చటి పొర మిగులుతుంది. మ్యాట్ వేసే ఆరడుగుల చోటుని ఉత్త నీళ్ళతో, బాగా పిండిన గుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. మ్యాట్ అడుగు భాగం కూడా అలాగే తుడవండి. సగం మంది బాధ ఇక్కడే తీరిపోతుంది.

పాత ఇళ్ళలోని షాబాద్ బండల మీద మ్యాట్ సాధారణంగా బాగా నిలబడుతుంది. అక్కడ చూసుకోవాల్సింది అతుకులు. ఎగుడుదిగుడు అతుకు సరిగ్గా అరచేయి కిందికి వస్తే మణికట్టు వంకరగా ఆనుతుంది. మ్యాట్‌ని అరడుగు పక్కకి జరపండి చాలు.

ఇందిరా పార్కులోనో సంజీవయ్య పార్కులోనో గడ్డి మీద చేసేవాళ్ళు అందుకు వేరే చవక పీవీసీ (ప్లాస్టిక్ రకం) మ్యాట్ పెట్టుకోవడం మంచిది. గడ్డి తడి, మట్టి, ఎండ మూడూ కలిస్తే ఖరీదైన రబ్బరు మ్యాట్ తొందరగా పాడవుతుంది.

అరచెయ్యి, పై పొర

చెమట ఎక్కువైతేనే చెయ్యి జారుతుందని అనుకుంటాం. పూర్తిగా పొడిగా ఉన్న చెయ్యి కూడా జారుతుంది. ఇవాళ మనం వాడే అంటుకునే రకం మ్యాట్ పుట్టింది కూడా అలాంటి చేతి కోసమే. ఏంజెలా ఫార్మర్ అనే యోగా టీచర్‌కి చిన్నతనంలో జరిగిన ఆపరేషన్ వల్ల అరచేతులకి, పాదాలకి చెమట పట్టేది కాదు. 1960ల చివర్లో జర్మనీలో పాఠాలు చెప్పేటప్పుడు ఆవిడ కార్పెట్ కింద వేసే పొరని ముక్కగా కత్తిరించి దాని మీద ఆసనాలు వేశారు. కాబట్టి మీది పొడి చెయ్యా, తడి చెయ్యా అన్నది తేల్చుకున్నాకే సరుకు సంగతి.

పీవీసీ పొడి చేతిని బాగా పట్టుకుంటుంది, చెమటని పీల్చదు. నీళ్ళు పైనే నిలిచి చెయ్యి జారుతుంది. టీపీఈ (రబ్బరులా సాగే ప్లాస్టిక్) కూడా ఇంచుమించు అంతే. తేలిగ్గా ఉంటుంది, ఆరు మిల్లీమీటర్లది దాదాపు కిలో తూగుతుంది. మోసుకెళ్ళేవాళ్ళకి సుఖం, కానీ గోరు తగిలితే గాటు పడుతుంది. సహజ రబ్బరు పొడికీ, కొద్దిపాటి చెమటకీ రెంటికీ పనికొస్తుంది. బరువు రెండు కిలోలు దాటుతుంది, కొత్తలో వాసన ఉంటుంది, లేటెక్స్ అలర్జీ ఉన్నవాళ్ళు దాని జోలికి పోకూడదు. రబ్బరు మీద పీయూ (పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్) పూత వేసినవి తడి చేతికి అన్నిటికంటే బాగా పనిచేస్తాయి. అయితే వాటికి నూనె గిట్టదు. తలకి కొబ్బరినూనె రాసుకుని శవాసనంలో పడుకుంటే ఆ మరక పోదు. మాయిశ్చరైజర్ రాసుకున్న చేతులు పెడితే పట్టు తగ్గుతుంది. కార్క్‌ది వీటికి తలకిందులు. పొడిగా ఉంటే జారుతుంది, తడిస్తే పట్టుకుంటుంది. మొదలుపెట్టే ముందు చేతులు, కాళ్ళు ఆనే చోట స్ప్రే సీసాతో నాలుగైదుసార్లు నీళ్ళు చల్లాలి. ఇది తెలియక కార్క్ మ్యాట్ కొని వారంలో మూల పడేసేవాళ్ళు ఉన్నారు.

పది, పదమూడు మిల్లీమీటర్ల మెత్తటి ఎన్‌బీఆర్ (కృత్రిమ రబ్బరు నురగ) మ్యాట్ ఆసనాలకి వద్దు. చేత్తో నొక్కి చూస్తే హాయిగా ఉంటుంది, అందుకే అమ్ముడుపోతుంది. అధోముఖంలో అరచేతి మడమ దానిలోకి దిగిపోతుంది, వేళ్ళు పైకి మిగులుతాయి, మణికట్టు మామూలు కంటే ఎక్కువ వెనక్కి వంగుతుంది. నెల తిరిగేసరికి మణికట్టు నొప్పి. ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనంలో చీలమండ ఊగుతుంది. పడుకుని చేసే కడుపు వ్యాయామాలకి పర్వాలేదు.

నూలు జంపఖానాని కూడా మర్చిపోవద్దు. వరంగల్ జంపఖానాలకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దళసరి నేత చెమటని పీల్చుకుంటుంది, ఉతుక్కోవచ్చు, ఏళ్ళ తరబడి మన్నుతుంది. టైల్స్ మీద ఒక్కదాన్నే వేస్తే మటుకు మనిషితో సహా జారుతుంది. కింద మామూలు పీవీసీ మ్యాట్, దానిపైన జంపఖానా వేయండి. చెమట బాగా పట్టేవాళ్ళకి ఈ జోడీ ఖరీదైన మ్యాట్లకి తీసిపోదు. చేతులు ఆనే చోట కాస్త తడి చేసుకోవాలి, అంతే.

దుకాణంలో

అట్ట మీద "యాంటీ స్కిడ్" అని రాయని మ్యాట్ బజారులో దొరకదు, కాబట్టి దాన్ని పట్టించుకోకండి. చుట్టిన మ్యాట్‌ని విప్పమనండి. మొదట వాసన: ఘాటుగా ముక్కులోకి కొడితే ఇంట్లో చాలా రోజులు అదే వాసన. తర్వాత బొటనవేలితో ఐదు అంకెలు లెక్కపెట్టేంత సేపు గట్టిగా నొక్కి వదలండి. గుంట వెంటనే పైకి రావాలి. నిదానంగా వస్తే ఆరు నెలల్లో చేతుల చోట, కాళ్ళ చోట పల్లాలు పడతాయి. జానెడు ఎడంగా రెండు చేతులతో పట్టి నిలువుగా లాగండి. లాగితే సాగి, వదిలాక కూడా సాగినట్టే ఉంటే ఇందాక చెప్పిన అలలు దాని మీదే పుడతాయి.

తూకం కూడా అడగండి. ఒకే కొలత, ఒకే మందం ఉన్న రెండింటిలో బరువైనదే చిక్కనైన సరుకు. 173 సెంటీమీటర్ల పొడవు, 61 వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న మ్యాట్ ముప్పాతిక కిలో కూడా లేకపోతే లోపల ఎక్కువ భాగం గాలే.

చివరిది ముఖ్యం. మ్యాట్ కొసని బల్ల మీద పరిచి పొడి అరచేత్తో ముందుకి నెట్టండి. తర్వాత మంచినీళ్ళ సీసాలోంచి నాలుగు చుక్కలు అరచేతిలో రుద్దుకుని మళ్ళీ నెట్టండి. ఇది చేయనివ్వని దుకాణంలో కొనకండి.

కొత్త మ్యాట్, పాత మ్యాట్

దళసరి పీవీసీ మ్యాట్ కొత్తలో జారితే చాలాసార్లు తప్పు తయారీలో మిగిలిన పై పొరది. గళ్ళ ఉప్పు అరకిలో దాకా తీసుకుని పై భాగమంతా పల్చగా పరిచి ఒక రోజంతా వదిలేయండి. మర్నాడు తడి బ్రష్‌తో గుండ్రంగా రుద్ది, ఉప్పు దులిపి, తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి నీడలో ఆరేయండి. ఒక్కసారికి పోకపోతే ఇంకోసారి. రబ్బరు, పీయూ, కార్క్ మ్యాట్లకి ఈ వైద్యం చేయకండి.

పాత మ్యాట్ ఉన్నట్టుండి జారడం మొదలుపెడితే మొదట సబ్బుని అనుమానించండి. శుభ్రం చేద్దామని ఎక్కువ సబ్బు వేస్తాం, బోరు నీళ్ళలో అది సరిగా వదలదు, తెల్లటి పొరగా మిగిలిపోతుంది. లీటరు నల్లా నీళ్ళకి మెత్తటి లిక్విడ్ సోప్ అర చెంచా చాలు. అందులో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, తుడిచి, ఆపైన ఉత్త నీళ్ళ గుడ్డతో రెండుసార్లు. రబ్బరు మీద వెనిగర్, సుగంధ తైలాలు వాడకండి, పై పొర పెళుసెక్కుతుంది. వాషింగ్ మెషీన్‌లో మ్యాట్ వేయకూడదు.

రబ్బరుకి ఎండ పడదు. బట్టల తీగ మీద రోజంతా ఎండలో వేస్తే పగుళ్ళు వచ్చి పొడి రాలుతుంది. మే నెలలో కారు డిక్కీలో వదిలేయడం అంతకంటే చెరుపు. పూత ఊడి బుడగలు లేస్తాయి. వానాకాలంలో చిక్కు వేరే: తడి ఆరకుండా చుడితే బూజు, ముక్క వాసన. ఫ్యాన్ కింద కుర్చీ వీపు మీద పూర్తిగా ఆరనిచ్చి, పై భాగం బయటికి వచ్చేలా చుట్టండి. అప్పుడు పరిచినప్పుడు అంచులు పైకి లేవవు.

బట్ట జారితే

వృక్షాసనంలో పాదం తొడ మీద నిలవక కిందికి దిగిపోతోందా? చేతుల మీద ఒళ్ళంతా నిలిపే బకాసనంలో మోకాళ్ళు భుజాల మీంచి జారుతున్నాయా? అది మీ బలహీనత కాకపోవచ్చు. నున్నగా మెరిసే నైలాన్ లెగ్గింగ్ మీద చెమట పట్టిన చర్మం నిలవదు. ప్యాంటుని మోకాలి పైదాకా మడిచి మళ్ళీ వేసి చూడండి. నిలిస్తే తప్పు బట్టదే. ఈ ఆసనాలు నేర్చుకునే రోజుల్లో కొద్దిగా ఎలాస్టేన్ (సాగే దారం) కలిసిన నూలు లెగ్గింగ్ మేలు. అది చెమటని పట్టి ఉంచుతుంది, మోకాళ్ళ దగ్గర వదులవుతుంది, కానీ జారదు. వేగంగా చేసే సాధనకి నైలాన్ మేలు. రోజూ రెండూ చేసేవాళ్ళు పైన మెరుపు లేని, చేత్తో నిమిరితే కాస్త గరుకు తగిలే నైలాన్ వెతకాలి.

సుల్తాన్ బజార్, జనరల్ బజార్ లాంటి చోట్ల చవగ్గా దొరికే వాటిలో లేబుల్ కత్తిరించినవి ఉంటాయి. లోపలి కుట్టు దగ్గర బట్ట అంచులోంచి ఒక దారం (కుట్టు దారం కాదు) లాగి ఇంటికొచ్చాక కాల్చి చూడండి. కాగితంలా కాలి బూడిదైతే నూలు, కరిగి గట్టి పూసలా ముడుచుకుంటే నైలాన్ లేదా పాలియెస్టర్. అక్కడికక్కడే చేయగలిగిన పరీక్ష ఇంకోటి ఉంది: పిరుదుల దగ్గరి బట్టని అరచేతి మీద బిగించి వెలుతురులో చూడండి. చేతి గీతలు కనిపిస్తే ముందుకి వంగినప్పుడు లోపలిదంతా కనిపిస్తుంది.

నూలు పైజమా, సల్వార్‌తో చేసేవాళ్ళు మార్చుకోవాల్సిన పనేమీ లేదు. తొడల మధ్య కుట్టు పిగులుతుంటే, కాళ్ళు ఎడంగా పెట్టే వీరభద్రాసనంలో బట్ట లాగుతుంటే, దర్జీని మియానీ వేయమనండి. తొడల మధ్య అతికే ఆ చిన్న చదరపు ముక్క నాలుగంగుళాలది చాలు, లాగుడు మొత్తం పోతుంది. వదులు టీషర్టు అధోముఖంలో మొహం మీద పడుతుంటే కింది అంచుని నడుములోకి దోపండి. చున్నీ పక్కన పెట్టాల్సిందే, కాలికి చుట్టుకుంటుంది.

చెమట బట్టల్ని తిరగేసి చల్లటి నీళ్ళలో ఉతకండి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయొద్దు. దాని పొర చెమట పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది, నున్నదనాన్ని పెంచుతుంది.

ఈ వారం అభ్యాసం

సుద్ద గీత పరీక్ష మూడు రోజులు చేయండి: మొదటి రోజు ఉన్నది ఉన్నట్టుగా, రెండో రోజు నేలా మ్యాట్ అడుగూ తుడిచి, మూడో రోజు మ్యాట్ పై భాగంలో సబ్బు పొర తీసేసి. రోజూ అంచు ఎన్ని సెంటీమీటర్లు కదిలిందో, వేళ్ళు ఎన్ని కదిలాయో స్కేలుతో కొలిచి రాసుకోండి. మూడో రోజుకి అంకెలు సున్నాకి దగ్గరైతే కొత్త మ్యాట్ కొనాల్సిన పని లేదు. వేళ్ళు మాత్రమే ఇంకా కదులుతుంటే, అదీ తడి చేత్తోనే అయితే, ముందు జంపఖానా వేసి చూడండి. నాలుగో పాఠంలో దిమ్మెలు, పట్టీలు: కార్క్‌వా, ఫోమ్‌వా, పట్టీ ఆరడుగులా ఎనిమిదడుగులా.