ఎడబాటు మీద రాక్ ఆల్బం: నల్లగొండ, పాలమూరు ఇంటి అర్రలో చేసుకునే పద్ధతి

ఎడబాటు మీద ఆల్బం చేద్దామని కూర్చున్న బ్యాండ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. అన్ని పాటలూ మైనర్‌లో, అంటే దిగులుగా వినిపించే కార్డుల్లో, అన్నీ నెమ్మదిగా, అన్నీ ఏడుస్తూ. మూడో పాటకే వినేవాళ్ల చెవి మొద్దుబారిపోతుంది. పాత రోజులు యాదికొచ్చినప్పుడు నొప్పి ఎందుకు పుడుతుందంటే, ఒకటి ఉన్నచోటనే ఉండి, దాని పక్కనున్నది పోయింది కాబట్టి. బస్టాండ్ అదే, దిగే మనిషి లేదు. గిటార్ మీద, మాటల్లో, పాటల వరసలో కూడా ఇదే జరగాలి.

గిటార్‌తో మొదలుపెడదాం. అన్నిటికన్నా సన్నని తీగ 1వది, మందంది 6వది; ఫ్రెట్ అంటే మెడ మీది గడి. ఉంగరపు వేలు 2వ తీగ 3వ ఫ్రెట్ మీద, చిటికెన వేలు 1వ తీగ 3వ ఫ్రెట్ మీద పెట్టండి. పాట అయ్యేదాకా ఆ రెండూ లేపొద్దు. మిగతా రెండు వేళ్లే తిరుగుతాయి. మధ్యవేలు 6వ తీగ 3లో, చూపుడువేలు 5వ తీగ 2లో ఉంటే జీ మేజర్ కార్డు. రెండూ ఒక్కో తీగ సన్నతీగల వైపు జరిగితే, అంటే 5వ తీగ 3, 4వ తీగ 2 అయితే సీ యాడ్ నైన్. 5, 4 తీగలు రెండూ 2లో ఉంటే ఈ మైనర్ సెవెన్. 4వ తీగ 2 ఒక్కటే పట్టి 5వ తీగ ఖాళీగా మోగిస్తే ఏ సెవెన్ సస్ ఫోర్. మందం తీగల స్వరాలు, అంటే కింద నేల, మారుతున్నా పైన అవే రెండు స్వరాలు మోగుతూ ఉంటాయి. ఈ తరహా పాటల్లో వినిపించే ఆ తెరిపి, ఆ దిగులు రెండూ చాలావరకు ఇక్కడివే. మార్పు దగ్గర వేళ్లు జారి ఆ రెండు సన్నతీగలు టక్కున ఆగిపోతే మొత్తం పాడవుతుంది. క్లిక్ (మెట్రోనోమ్ దెబ్బ) పెట్టుకుని 60 బీపీఎంలో, అంటే నిమిషానికి 60 దెబ్బల వేగంలో, పది నిమిషాలు ఈ మార్పులే సాధన చేయండి.

రెండో సాధనం ఇంకా చిన్నది. సీ మేజర్‌లో ఉన్న పాటలో ఎఫ్ మేజర్ బారె (చూపుడువేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కే పట్టు) పట్టండి, తర్వాత మధ్యవేలు ఒక్కటి లేపండి. ఎఫ్ మైనర్ అయింది. అక్కడినుంచి సీకి రండి. 3వ తీగ మీద జరిగింది చూడండి: 2వ ఫ్రెట్, 1వ ఫ్రెట్, ఖాళీ తీగ. ఒక్క స్వరం అరమెట్టు చొప్పున దిగుతూ ఇంటికి చేరింది. గుండె పిండేది ఆ నడిమి మెట్టే. పాటకు ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు వాడండి. ప్రతి చరణంలో పెడితే వినేవాళ్లు ముందే కనిపెట్టేస్తారు, ఇక అది పనిచేయదు.

మాటల దగ్గర చాలా పాటలు కూలిపోతాయి. హృదయం, విరహం, కన్నీరు లాంటి మాటలు సినిమా పాటల్లో అరిగిపోయినయి, వాటి మీద చెవి నిలవదు. వస్తువు పేరు చెప్పండి. నల్లగొండ వైపైతే బత్తాయి తోట, మిర్యాలగూడ రైస్‌మిల్లు చప్పుడు, సాగర్ ఎడమ కాలువ గట్టు. పాలమూరు వైపైతే బాలానగర్ సీతాఫలం బుట్ట, బొంబాయి బస్సు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పాలమూరులో బొంబాయి బస్సు అనగానే వలస గుర్తొస్తుంది, ఇల్లు తాళం వేసి పిల్లల్ని ముసలోళ్ల దగ్గర వదిలిపోవడం గుర్తొస్తుంది. ప్రేమ విరిగిన పాటలో ఆ మాట పెడితే ఆ బరువంతా వెంట వస్తుంది. ఆ బరువు మోయగల పాటకే పెట్టండి. కొల్లాపూర్ వైపు శ్రీశైలం ముంపులో పోయిన ఊళ్లు కూడా అంతే. నీళ్ల కింద ఊరు ఉన్నచోటనే ఉంది, పోదామంటే తొవ్వ లేదు. ఎడబాటుకు అంతకన్నా గట్టి బొమ్మ ఈ జిల్లాల్లో దొరకదు.

రాసిన చరణాన్ని తాళంలో పెట్టేముందు మాత్రలు లెక్కపెట్టండి. ఉదాహరణకు:

నువ్వు పోయినంక గూడ
అదే బస్సు, అదే సీటు

మొదటి పాదం నువ్వు, పోయి, నంక, గూడ అని విరుగుతుంది. ప్రతి ముక్కా గురువు, లఘువు, మొత్తం మూడు మాత్రలు. నాలుగు మూళ్లు పన్నెండు. ఇది పుట్టుకతోనే తిస్ర గతి, అంటే మూడేసి మాత్రల నడక, కాబట్టి సిక్స్ బై ఎయిట్ (బారుకు ఆరు చిన్న దెబ్బల) తాళంలో రెండు బార్లు సరిగ్గా నిండుతాయి. దీన్ని ఫోర్ బై ఫోర్‌లో (బారుకు నాలుగు దెబ్బలు) ఇరికిస్తే 'పోయి' అన్నచోట పాడేవాళ్లు సాగదీయక తప్పదు, అప్పుడు తెలుగు తెలుగులా వినిపించదు. రెండో పాదంలో ఒక గుంట ఉంది. 'అదే' లఘువుతో మొదలై గురువుతో ముగుస్తుంది. తాళం దెబ్బ 'అ' మీద పడుతుంది కాబట్టి గొంతు దాన్ని సాగదీయబోతుంది, 'ఆదే' అయిపోతుంది. 'అ' ముట్టీముట్టనట్టు అని 'దే' మీద నిలబడాలి. ఈ ఒక్క దిద్దుబాటుకు రికార్డింగ్‌లో గంట పట్టినా పెట్టాల్సిందే.

గొంతు విషయంలో, పల్లవిలోని పై స్వరం మీ గొంతు హద్దుకు రెండు మెట్లు కిందే ఉండేలా శ్రుతి దించుకోండి. చరణాలు పక్కమనిషితో మాట్లాడుతున్నట్టు, మైక్‌కు జానెడు దూరంలో పాడండి. మైక్‌ను కొంచెం పక్కకు తిప్పితే ప, బ దగ్గర గాలి కొట్టదు. రివర్బ్ (గది మోతలాంటి ఎఫెక్ట్) వేసేటప్పుడు ప్రీ డిలే, అంటే మాటకూ మోతకూ నడుమ ఎడం, 30 నుంచి 40 మిల్లీసెకన్లు ఉంచండి, మాట ముందు స్పష్టంగా పడి తర్వాత గది మోగుతుంది. అది సున్నా ఉంటే ఒత్తులన్నీ బురదలో కలిసిపోతాయి.

గిటార్ డిలేకు, అంటే వాయించింది కాసేపటికి తిరిగి వినిపించే ప్రతిధ్వనికి, లెక్క సులువు. 60,000ను బీపీఎంతో భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 72 బీపీఎంకు 833. అందులో ముప్పావు 625, డాటెడ్ ఎయిత్ అంటే అదే. ఫీడ్‌బ్యాక్ (ప్రతిధ్వని మళ్లీ మళ్లీ తిరిగొచ్చే పాళ్లు) 30 శాతం దాటనీయకండి. తిరిగొచ్చే ప్రతిధ్వనిలో 200 హెర్ట్జ్ కింద, 4,000 హెర్ట్జ్ పైన కోసేయండి. అసలు స్వరం మెరుస్తూ, ప్రతిధ్వని మసకగా ఉండాలి.

పల్లవిలో డిస్టార్షన్ (గిటార్ గరగర) పెరిగేచోట మీరు అనుకున్నదానికన్నా గెయిన్, అంటే ఆ గరగర పాళ్లు, తగ్గించండి. సీ యాడ్ నైన్ లాంటి నిండు కార్డు ఎక్కువ గెయిన్‌లో గరగరలాడి ముద్దయిపోతుంది. ఎడమవైపు మందం తీగల మీద పవర్ కార్డు (రెండు స్వరాల కార్డు), కుడివైపు తక్కువ గెయిన్‌తో పైన కదలని ఆ రెండు స్వరాలు, విడివిడిగా రెండుసార్లు వాయించి రికార్డు చేయండి. ఒకే టేక్‌ను (ఒకసారి వాయించిన రికార్డింగ్‌ను) కాపీ చేసి రెండు వైపులా పెడితే వెడల్పు రాదు, నడుమనే ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది.

ఇక గది. బండలు లేదా టైల్స్ పరిచిన స్లాబు ఇంట్లో చప్పట్లు కొడితే టంగున మోగుతుంది. పాడేవాళ్ల వెనక, పక్కల రెండు మూడు మందం బొంతలు గోడకు జానెడు ఎడంగా వేలాడదీయండి. గోడకు ఆనిస్తే సగం ఫలితమే. ఫ్యాన్ ఆపాల్సిందే, రెక్కలు తిరిగే అల గొంతులో తెలుస్తుంది. ఎండాకాలం ఫ్యాన్ ఆపిన కాసేపటికి తీగలు వేడెక్కి శ్రుతి దిగుతుంది, ప్రతి టేక్ ముందు చూసుకోండి. కూలర్ ముందు అకౌస్టిక్ గిటార్ పెడితే చెక్క తేమకు ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. తెల్లవారుజామున గుడి మైకు ఉంటుంది కాబట్టి రాత్రి 11 దాటినంక కూర్చోవడం మేలు. మిర్యాలగూడలో కోతల కాలం మిల్లుల చప్పుడు రాత్రి కూడా ఉంటుంది, ఆ నెలల్లో మాటలు, కార్డులు పూర్తిచేసుకోండి.

గిటార్‌లో ఆగకుండా గుయ్‌మనే చప్పుడు వస్తే అది మన కరెంటు 50 హెర్ట్జ్ హమ్. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట పికప్) గిటార్ అయితే కూర్చున్నచోటనే మెల్లగా తిరగండి, ఏదో ఒక దిక్కుకు బాగా తగ్గుతుంది. ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి. మూడో పిన్నుకు ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. చవక ఇన్వర్టర్ మీద ఆంప్ నడిపితే వచ్చే గరగర తర్వాత ఏ ప్లగిన్‌తోనూ పూర్తిగా పోదు. కరెంటు పోతే ఆ రోజుకు అకౌస్టిక్ గిటార్, బ్యాటరీ మీద ల్యాప్‌టాప్. మైక్ 12వ ఫ్రెట్ వైపు చూడాలి, అడుగు లోపు దూరంలో. బొక్క ఎదురుగా పెడితే గుభగుభలాడుతుంది. 24 బిట్‌లో, శిఖరాలు మైనస్ 10 డీబీ దాటకుండా రికార్డు చేయండి.

స్థానిక వాద్యం పెట్టాలనుకుంటే తెలిసి పెట్టండి. నెమ్మదిగా పడే ఒంటరి డప్పు దెబ్బలు మన దగ్గర చావు ఊరేగింపును గుర్తుచేస్తాయి. పాట అది కోరుతుంటేనే వాడండి. పాలమూరు పన్నెండు మెట్ల కిన్నెర, దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక అందరికీ తెలిసిన ఆ వాద్యం, ఈ పాటలకు బాగా కలుస్తుంది. కళాకారుడు తన శ్రుతిలో ముందు వాయించాలి, గిటార్‌ను దానికి శ్రుతి చేసుకోవాలి. డబ్బు ముందే మాట్లాడండి, ఆల్బం మీద పేరు వేయండి.

పాటల వరస. తొమ్మిది పాటలు, 40 నిమిషాలలోపు. మొదటి పాటలో ఏడుపు వద్దు, ఉన్నరోజుల్లో ఉన్నట్టే ఉండాలి, లేకపోతే పోయిందేమిటో వినేవాళ్లకు తెలియదు. విడిపోవడం 3, 4 పాటల నడుమ జరిగిపోవాలి, దాని మీద పాట రాయకండి. 5వది మాటల్లేని ఒకటిన్నర నిమిషం: ఆర్టీసీ బస్సు కిటికీ గడగడ, దాని కింద జీ కార్డు. నెమ్మది పాటలు వరసగా మూడు పడనీయకండి. స్ట్రీమింగ్‌కు మాస్టర్ (చివరి ఫైలు) మైనస్ 14 లఫ్స్ దగ్గర చాలు; లఫ్స్ అంటే పాట మొత్తం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత. అంతకన్నా గట్టిగా నొక్కి పంపినా స్పాటిఫై లాంటివి తగ్గించే వినిపిస్తాయి, మెత్తని చరణానికి గట్టి పల్లవికి నడుమ తేడా మాత్రం పోతుంది.

చివరి పాటలో మొదటి పాట వాయింపే మళ్లీ రావాలి, అదే శ్రుతి, అదే వేగం. చిటికెన వేలు మాత్రం 1వ తీగ మీద ఉంచి ఆ తీగను మీటకండి. చివరి కార్డు దానంతట అది ఆరిపోయేదాకా, ఇరవై సెకన్లు పట్టినా, రికార్డింగ్ ఆపకండి.