యాక్చుయేటర్ సిలిండర్‌కి మొదట్లోనే ఫుల్ 3డీ మెష్ అక్కర్లేదు

విమానం హైడ్రాలిక్ యాక్చుయేటర్ సిలిండర్‌ని స్ట్రెస్ లెక్క కోసం పూర్తి 3డీలో మెష్ చేస్తే, అంటే ఎలిమెంట్లు అనే చిన్న ముక్కలుగా విడగొడితే, గోడ మందం కొంచెం మార్చిన ప్రతిసారీ సాల్వర్ (లెక్క కట్టే ప్రోగ్రామ్) ముందు పడిగాపులే. మందం తేల్చే దశలో ఆ తిప్పలు అనవసరం.

అక్షానికి ఒక పక్క సెక్షన్ మాత్రం గీసి యాక్సిసిమెట్రిక్‌గా, అంటే అక్షం చుట్టూ అంతా ఒకేలా ఉందనుకుని, నడపండి. సెకండ్ ఆర్డర్ ఎలిమెంట్లు (అంచుల మధ్యలో కూడా నోడ్, అంటే లెక్క బిందువు, ఉండేవి), గోడ మందంలో కనీసం 4 వరసలు. ఎండ్ క్యాప్‌కి (సిలిండర్ చివరను మూసే మూతకి) ఎదురు చివరను అక్షం దిశలో మాత్రమే కదలకుండా పట్టండి. రేడియల్‌గా (వ్యాసార్థం దిశలో) కూడా బిగిస్తే అక్కడ లేని స్ట్రెస్ పుడుతుంది. ప్రెషర్ 3000 పీఎస్‌ఐ, అంటే 20.7 మెగాపాస్కల్స్. లోపలి గోడతో పాటు ఎండ్ క్యాప్ లోపలి ముఖానికీ ఇవ్వాలి, చాలామంది మరిచిపోయేది ఇదే.

తర్వాత చేతిలెక్కతో సరిచూసుకోండి. లోపలి వ్యాసార్థం 25, బయటిది 30 మి.మీ. అనుకుంటే, మందపు గోడ సిలిండర్లకి వాడే లామే సూత్రం ప్రకారం లోపలి గోడ మీద హూప్ స్ట్రెస్ (చుట్టూ తిరిగే దిశలోది) సుమారు 115, అక్షం దిశలో 47 మెగాపాస్కల్స్ రావాలి. రెండు చివరలకూ దూరంగా చూడండి. 115 సరిగ్గా వచ్చి, 47 రావాల్సిన చోట సున్నా ఉంటే క్యాప్ మీద ప్రెషర్ పడలేదన్నమాట. 1.5 రెట్ల ప్రూఫ్ ప్రెషర్‌కి (పరీక్షలో ఇచ్చేదానికి), మోడల్ లీనియర్ అయితే, అంటే లోడు ఎన్ని రెట్లయితే స్ట్రెస్ అన్ని రెట్లయితే, మళ్లీ నడపక్కర్లేదు, గుణిస్తే చాలు.

క్యాప్ మూలలో ఫిల్లెట్ (మూలను గుండ్రంగా చేసే వంపు) గీయకపోతే మెష్ సన్నం చేసేకొద్దీ స్ట్రెస్ పెరుగుతూనే పోతుంది. ఆ అంకెని పట్టించుకోకండి.

పోర్టు రంధ్రాలు, ట్రనియన్లు (సిలిండర్‌ని పట్టి ఉంచే పక్క పిన్నులు), రాడ్ మీద పక్క లోడు ఉన్నచోట ఈ పద్ధతి పనిచేయదు. గోడలో చిన్న రంధ్రం చాలు, దాని అంచున స్ట్రెస్ దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది. ఆ ముక్క వరకు 3డీ తప్పదు.